మాట తెలియడం లేదా? వాల్యూమ్ జోలికి పోకండి

టీవీలో ఎవరో ఏదో అన్నారు, తెలియలేదు. చెయ్యి రిమోట్ మీదికి పోతుంది, వాల్యూమ్ నాలుగు గీతలు పెరుగుతుంది. మాట పెద్దదైన మాట నిజమే. దాని వెనక మోగుతున్న వయొలిన్లూ వర్షం చప్పుడూ కూడా సరిగ్గా అంతే పెద్దవయ్యాయి. కాసేపటికి సీన్ మారి కార్లు గుద్దుకుంటాయి, పక్కగదిలో పడుకున్నవాళ్ళు ఉలిక్కిపడి లేస్తారు, వాల్యూమ్ తగ్గుతుంది. ఆ వెంటనే ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటారు. మళ్ళీ మొదలు.

చెవుల లోపమనీ, నటులు మాటలు నమిలేస్తున్నారనీ, కొత్త సినిమాలన్నీ ఇంతేననీ రకరకాలుగా అంటారు. ప్రతిదాంట్లోనూ కొంత నిజముంది. కానీ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే: మాట తెలియడమనేది పాళ్ళ వ్యవహారం. మాటకీ, మాట కానిదానికీ మధ్య ఎన్ని డెసిబెల్స్ (శబ్దం గట్టితనాన్ని కొలిచే కొలత) తేడా ఉందన్నదే లెక్క. ఆ తేడాని పెంచే పని ఏదైనా ఫలితమిస్తుంది. అది వెనక సంగీతం తగ్గించడం కావచ్చు, ఫ్యాన్ ఒక పాయింటు తగ్గించడం కావచ్చు, కుర్చీ ముందుకి జరపడం కావచ్చు. తేడాని కదపని పని ఎంత ఖర్చుపెట్టి చేసినా ఉపయోగం లేదు. పెద్ద సబ్‌వూఫర్ (బేస్ మోగించే విడి స్పీకర్) తెచ్చుకున్నా మాటలు తెలియడం లేదని బాధపడే ఇళ్ళలో జరిగేది ఇదే.

బలం అచ్చులది, అర్థం హల్లులది

మాటలో శక్తి చాలావరకు అచ్చుల్లో ఉంటుంది, అదీ 1000 హెర్ట్జ్ లోపే (హెర్ట్జ్ అంటే శబ్దం సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్క, ఎక్కువైతే సన్నని శబ్దం). ఒక మాటని ఇంకో మాట నుంచి విడదీసి చూపించేవి హల్లులు. స, శ, త, చ లాంటివాటిని చెవి గుర్తుపట్టేది 2000 నుంచి 8000 హెర్ట్జ్ మధ్య. గట్టిగా పలికిన 'ఆ'కీ, అతి మెత్తని హల్లుకీ మధ్య బలంలో 25 నుంచి 30 డెసిబెల్స్ తేడా ఉంటుంది. అందుకే గొంతు బాగానే వినపడుతూ మాట మాత్రం తెలియని స్థితి వస్తుంది. అచ్చులు చేరాయి, హల్లులు దారిలో రాలిపోయాయి.

దగ్గరగా చూడాలంటే 'ఆడతాను', 'ఆడను' అనే రెండు మాటలు తీసుకోండి. మొదటిది ఔను, రెండోది కాదు. రెండింటినీ విడదీసేది 'తా' ఒక్కటే. 'త' పలికేటప్పుడు నాలుక పళ్ళ వెనక గాలిని ఒక్క క్షణం ఆపి వదులుతుంది. ఆ వదలడంలో వచ్చే చిటుకు సెకనులో వందో వంతు, మహా అయితే యాభయ్యో వంతు. దాన్ని స్పీకర్ మింగేసినా, సరిగ్గా అప్పుడే వెనక డప్పు మోగినా, చెవికి చేరేది 'ఆడ… ఆను'. ఒప్పుకున్నాడో లేదో మొహం చూసి ఊహించుకోవాలి.

మన వాక్యం కట్టు దీనికి ఇంకో చిక్కు జోడిస్తుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఎవరు చేశారో, అసలు చేశారో లేదో, ఆ క్రియ చివర తగిలిన ముక్కే చెప్తుంది. మాట్లాడే మనిషికేమో వాక్యం చివరికొచ్చేసరికి గొంతు దిగిపోతుంది. అంటే అన్నిటికన్నా ముఖ్యమైన ముక్కని అన్నిటికన్నా మెల్లగా పలుకుతాం. ఆ డైలాగ్ ముగిసే చోటే నేపథ్య సంగీతం లేస్తే ఇక చెప్పనక్కర్లేదు.

చెవి గురించి తెలుసుకోవలసిన సంగతి ఇంకోటుంది. తక్కువ హెర్ట్జ్ శబ్దాలు తమకన్నా పైనున్న శబ్దాలని కప్పేస్తాయి. పైనున్నవి కిందివాటిని అంతగా కప్పలేవు. లోపలి చెవి పనిచేసే తీరే అంత. కాబట్టి గదిలో బేస్ 'ధమ్ ధమ్'మంటుంటే అది తన చోట తానుండదు, హల్లుల మీదికి పాకుతుంది. కింద చెప్పే సెట్టింగుల్లో ఏదైనా పెంచడం కన్నా ముందు బేస్ తగ్గించమనడానికి కారణం ఇదే.

ముందు రెండు పరీక్షలు

ఏదీ కొనకముందు, ఏ సెట్టింగూ మార్చకముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. మొదటి పరీక్ష: వెనక సంగీతం లేకుండా ఒక్కరే వార్తలు చదువుతుంటే మామూలు వాల్యూమ్‌లో రెండు నిమిషాలు వినండి. ప్రతి మాటా తెలిసి, సినిమాలూ సిరీస్‌లూ మాత్రమే తెలియకపోతే లోపం సౌండ్‌ట్రాక్‌లోనో, దాన్ని టీవీ విప్పే పద్ధతిలోనో ఉంది. వార్తలు కూడా తెలియకపోతే స్పీకర్, గది, చెవి ఈ మూడింట్లో ఒకటి. రెండో పరీక్ష: అదే వార్తల్ని టీవీకి వైరున్న హెడ్‌ఫోన్స్ తగిలించి వినండి. అప్పుడు శుభ్రంగా తెలిస్తే చెవులు బాగానే ఉన్నాయి, స్పీకర్నో గదినో చూడాలి. హెడ్‌ఫోన్స్‌లోనూ తెలియకపోతే ఒకసారి వినికిడి పరీక్ష చేయించుకోవడం ఏ సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడుగు స్పీకర్) కన్నా మంచి ఖర్చు.

ఈ రెండూ చెయ్యకుండా సెట్టింగులు తిప్పడం మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తెలియదు.

టీవీ స్పీకర్ ఎటు చూస్తోంది

పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లో స్పీకర్ చూసేవాళ్ళ వైపు తిరిగి ఉండేది. ఇప్పటి టీవీకి అంచే లేదు కాబట్టి స్పీకర్లని కిందికో వెనక్కో తిప్పి బిగిస్తున్నారు. 300 హెర్ట్జ్ శబ్దపు అల ఒక మీటరు పైనే పొడవుంటుంది. అది టీవీని చుట్టుకుని ముందుకి వచ్చేస్తుంది. 4000 హెర్ట్జ్ అల పొడవు 8, 9 సెంటీమీటర్లే. అది ఎటు వదిలితే అటే పోతుంది. కిందికి వదిలితే బల్ల మీదికి, వెనక్కి వదిలితే గోడ మీదికి. అచ్చులు మనదాకా వస్తాయి, హల్లులు బల్లకి తగులుతాయి.

ఆ బల్ల మీద గుడ్డ పరిచి ఉందా? తీసేయండి. మందపాటి గుడ్డ పీల్చుకునేది ముందుగా ఎత్తు హెర్ట్జ్‌లనే. గట్టి చెక్కో గాజో ఉంటే అవి కొంతైనా తిరిగి ముందుకి వస్తాయి. తేడా ఎంతుందో తెలియాలంటే ఒకరు గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని స్పీకర్ కింద 45 డిగ్రీల వాలులో, ముఖం మీ వైపు ఉండేలా పట్టుకోవాలి, మీరు కూర్చునే చోట కూర్చుని వినాలి. 'స'లూ 'చ'లూ పదునెక్కినట్టనిపిస్తే 4, 5 మిల్లీమీటర్ల మందమున్న చెక్క ముక్కనో అక్రిలిక్ ముక్కనో అదే వాలులో శాశ్వతంగా పెట్టుకోవచ్చు. స్పీకర్‌కి 3, 4 సెంటీమీటర్ల ఎడం ఉంచండి, గాలి రంధ్రాలకీ రిమోట్ సెన్సర్‌కీ అడ్డం రానివ్వకండి, ప్యానెల్‌కి మాత్రం అంటించకండి.

గోడకి బిగించిన టీవీ అయితే ఇంకో లోపం. ప్యానెల్‌కీ గోడకీ మధ్య సన్నని సందులో శబ్దం తిరుగుతుంది, గోడ దగ్గరగా ఉండటంతో బేస్ ఉబ్బుతుంది, మగగొంతులు పీపాలోంచి మాట్లాడినట్టుంటాయి. చాలా టీవీల మెనూలో టీవీ స్టాండు మీదుందా, గోడకుందా అని అడిగే ఆప్షన్ ఒకటి ఉంటుంది. బిగించేటప్పుడు ఎవరూ దాన్ని ముట్టుకోరు. గోడకి అని మార్చగానే బేస్ కొంత సర్దుకుంటుంది.

సౌండ్‌ట్రాక్ ఎక్కడ తప్పుతోంది

ఇక వార్తలు బాగుండి సినిమాలే తెలియని ఇళ్ళ సంగతి. 5.1 ట్రాక్‌లో ఆరు దారులుంటాయి: ఎడమ, కుడి, మధ్య, వెనక రెండు, బేస్‌కి ఒకటి. డైలాగ్ దాదాపు అంతా మధ్య దారిలోనే పెడతారు. మీ టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు. కాబట్టి ఎక్కడో ఒకచోట ఆరుని రెండుగా కలపాలి. పద్ధతి ప్రకారం మధ్య దారిని 3 డెసిబెల్స్ తగ్గించి రెండు పక్కలా సమంగా పోస్తారు, వెనక దారుల్ని కూడా అలాగే తగ్గించి కలుపుతారు. లెక్క ప్రకారం డైలాగ్ శక్తి ఎక్కడికీ పోదు. కానీ ఇప్పటిదాకా దానికంటూ ఉన్న స్పీకర్ పోయింది. సంగీతం, వర్షం, డైలాగ్ అన్నీ అవే రెండు స్పీకర్లలోంచి వస్తాయి. పైగా ఒకే గొంతు రెండు స్పీకర్ల నుంచి రెండు చెవులకీ కాస్త ముందూ వెనకగా చేరడంతో 2000 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట పడుతుంది. సరిగ్గా హల్లులుండే చోటే.

కలపడం అసలు జరగకపోవడం ఇంకా పెద్ద లోపం. స్ట్రీమింగ్ పెట్టెలో ఆడియో అవుట్‌పుట్ 5.1 అని ఉంటుంది, దాని అవతల ఉన్నది రెండు స్పీకర్ల పరికరం. అది ఎడమ కుడి దారుల్ని తీసుకుని మధ్యదాన్ని వదిలేస్తుంది. గుర్తు స్పష్టంగా ఉంటుంది: సంగీతం నిండుగా, మనుషులు పక్కగదిలోంచి మాట్లాడుతున్నట్టు. మందు చిన్నది. పెట్టె మెనూలో ఆడియో అవుట్‌పుట్‌ని స్టీరియో లేదా పీసీఎం స్టీరియో చేయండి. సినిమాకి ఆడియో ట్రాకుల జాబితాలో 5.1, స్టీరియో రెండూ ఉంటే స్టీరియో ఎంచుకోండి. మధ్య స్పీకర్ లేని ఇంట్లో 5.1 అన్న అంకె వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇలాంటి గుర్తే చూపించే ఇంకో రెండు తప్పులున్నాయి. విడి స్పీకర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ వైర్లు తారుమారైతే ఒకటి ముందుకి తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. మధ్యలో ఉండాల్సిన గొంతు పలచబడి ఎటునుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. ఎర్ర వైరు ఎర్రదానికి, నల్లది నల్లదానికి ఉందో లేదో రెండు చివరలా చూడండి. హెడ్‌ఫోన్ పిన్ను సగమే దిగినా గొంతు మాయమై సంగీతం మిగులుతుంది. 'టక్'మనేదాకా నొక్కాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కొన్ని సినిమాలు తెలియవు. దానికి కారణం మిక్సింగ్ గదిలో ఉంది. సినిమా హాలు మిక్సింగ్‌కి ఒక్కో స్పీకర్ 85 డెసిబెల్స్‌కి కొలిచి పెట్టిన గది ఉంటుంది, నిశ్శబ్దంగా ఉంటుంది. అక్కడ గుసగుసకీ పేలుడుకీ మధ్య ఎంత ఎడమున్నా రెండూ తెలుస్తాయి. ఇంట్లో దానికన్నా 10, 15 డెసిబెల్స్ తక్కువ పెట్టుకుని వింటాం. పేలుడు పేలుడులాగే ఉంటుంది, గుసగుస ఫ్యాన్ చప్పుడు కిందికి దిగిపోతుంది. పైగా మిక్స్ చేసేవాళ్ళు ఆ డైలాగ్‌ని అప్పటికి వందసార్లు విని ఉంటారు. తెలిసిన మాట ఎంత మెల్లగా ఉన్నా వినపడుతుంది, మొదటిసారి వినేవాడికి వినపడదు. సెట్‌లో బట్టల కింద ఛాతీకి దాచిన మైకు 3000, 4000 హెర్ట్జ్ దగ్గర సహజంగానే బలహీనం. దాన్ని తర్వాత సరిచెయ్యకపోతే గొంతు ఆదినుంచే మూసుకుపోయి ఉంటుంది.

ప్రసారాలకి ప్రమాణాలు లేకపోలేదు. యూరప్ ప్రసార సంస్థల ఆర్ 128 ప్రమాణం 2010 నుంచి ఉంది. కార్యక్రమం మొత్తానికి సగటు బిగ్గరతనం మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్ (బిగ్గరతనం కొలత, సున్నాకి దగ్గరైనకొద్దీ గట్టి) దగ్గర ఉండాలంటుంది. కానీ అది మొత్తానికి సగటు. పోరాటాలు గట్టిగా ఉండి మాటలు అడుగున ఉన్నా సగటు సరిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ తనకొచ్చే మిక్స్‌లని డైలాగ్ ఉన్న చోట్లే కొలిచి మైనస్ 27 దగ్గర ఉండమంటుంది. నా దృష్టిలో ఇదే సరైన దారి, ఎందుకంటే కొలిచేది మాటనే.

సెట్టింగులు, వరసగా

ఒకటి మార్చాక రెండు నిమిషాలు విని, తర్వాతే ఇంకోటి మార్చండి. వెనక సంగీతమున్న ఒకే సీన్‌ని ప్రతిసారీ పెట్టుకుంటే పోల్చడం సులువు.

మొదట సౌండ్ మోడ్‌ని స్టాండర్డ్‌కి తెచ్చి, వర్చువల్ సరౌండ్ అనో, త్రీడీ సౌండ్ అనో ఉన్నదాన్ని ఆపేయండి. అది శబ్దాన్ని గది నిండా పరిచినట్టు చూపించడానికి దాని దశల్ని, అంటే అలలు చెవికి చేరే ముందూవెనకల్ని, మెలిపెడుతుంది. ఆ మెలికలో మధ్యనున్న గొంతే ముందు చెదురుతుంది. చాలా టీవీల్లో ఇది కొన్న రోజు నుంచే ఆన్‌లో ఉంటుంది. రెండో పని బేస్ తగ్గించడం.

మూడోది మాటని ఎత్తి చూపించే సౌకర్యం. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది: ఎల్‌జీలో క్లియర్ వాయిస్, సోనీలో వాయిస్ జూమ్, శాంసంగ్‌లో యాంప్లిఫై, రోకులో స్పీచ్ క్లారిటీ, సోనోస్ సౌండ్‌బార్లలో స్పీచ్ ఎన్‌హాన్స్‌మెంట్, యాపిల్ టీవీలో ఎన్‌హాన్స్ డైలాగ్. ప్రైమ్ వీడియోలో 2023లో వచ్చిన డైలాగ్ బూస్ట్ అన్ని సినిమాలకీ ఉండదు, ఉన్నవాటికి ఆడియో ట్రాకుల జాబితాలోనే కనపడుతుంది. వీటిలో కొన్ని 2000 నుంచి 4000 హెర్ట్జ్ ప్రాంతాన్ని పైకెత్తి ఊరుకుంటాయి, కొన్ని మధ్య దారినే పెంచుతాయి, కొన్ని గొంతుని గుర్తుపట్టి విడదీస్తాయి. మూడు స్థాయిలుంటే మధ్యదానితో మొదలుపెట్టండి. అన్నిటికన్నా పైదాంట్లో గొంతు రేకుడబ్బా మోతలా మారుతుంది, అరగంటకి చెవి అలిసిపోతుంది.

నాలుగోది నైట్ మోడ్, ఆటో వాల్యూమ్, రెడ్యూస్ లౌడ్ సౌండ్స్ లాంటి పేర్లతో ఉండేది. ఇది గట్టి శబ్దాల్ని నొక్కి, మెత్తనివాటిని పైకి తెస్తుంది. గుసగుసకీ పేలుడుకీ ఉన్న ఎడం తగ్గుతుంది. రాత్రిపూట సినిమా చూసే ఇంటికి ఇదొక్కటి చాలు, సగం సమస్య తీరుతుంది. ఎక్కువైతే మాట ఆగిన ప్రతిసారీ వెనక గాలి చప్పుడు ఉబ్బడం, మాట రాగానే అణగడం వినపడుతుంది. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో చూసేవాళ్ళు ఇదే పని చేసే కంప్రెసర్‌ని చేత్తో పెట్టుకోవచ్చు: త్రెషోల్డ్ మైనస్ 20, రేషియో 4, అటాక్ 20 మిల్లీసెకన్లు, రిలీజ్ 200, మేకప్ గెయిన్ 8 దగ్గర మొదలుపెట్టి చెవికి తగ్గట్టు సర్దుకోండి.

చివర ఈక్వలైజర్. ఐదు పట్టీలున్న టీవీలో సాధారణంగా 100, 300, 1000, 3000, 10000 హెర్ట్జ్ ఉంటాయి. 100ని నాలుగు మెట్లు దించండి, 300ని రెండు మెట్లు దించండి, 1000ని అలాగే వదలండి, 3000ని మూడు మెట్లు ఎత్తండి, 10000 జోలికి పోకండి. 300 దించితే పీపా మోత పోతుంది, 3000 ఎత్తితే త, చ, ట విడివిడిగా తెలుస్తాయి. 'స' పలికినప్పుడల్లా చెవిలో గుచ్చుకుంటుంటే ఒక మెట్టు వెనక్కి తగ్గండి. అన్నీ పైకెత్తితే వాల్యూమ్ పెంచినట్టే, పాళ్ళు మారవు. పైగా టీవీలో ఉండే చిన్న యాంప్లిఫయర్ తట్టుకోలేక శబ్దం చిట్లుతుంది. డైలాగ్ సౌకర్యాన్ని ఆన్ చేసి ఈక్వలైజర్‌ని కూడా ఇలా పెడితే ఒకే చోట రెండుసార్లు ఎత్తినట్టవుతుంది. రెండింట్లో ఏది బాగుంటే అది ఉంచుకోండి.

గది కూడా మాట్లాడుతుంది

ఖర్చు లేకుండా ఎక్కువ లాభం ఇచ్చేది దూరం. స్పీకర్ నుంచి నేరుగా వచ్చే శబ్దం దూరం సగమైతే 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గోడలకి తగిలి తిరిగొచ్చే శబ్దం గది అంతటా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కాబట్టి 4 మీటర్ల నుంచి 2 మీటర్లకి జరిగితే సూటి శబ్దానికీ ప్రతిధ్వనికీ మధ్య 6 డెసిబెల్స్ లాభం, పేలుడు పక్కింటికి వినపడకుండానే. సోఫా జరపలేకపోతే చిన్న స్పీకర్‌ని ఆడియో అవుట్ నుంచి వైరుతో తెచ్చి కుర్చీ పక్కనే మీటరు లోపు పెట్టుకోవచ్చు. ఇంట్లో ఒక్కరికే మాట తెలియని పరిస్థితి ఉంటే నేను ముందు చెప్పేది ఇదే.

ప్రతిధ్వని లెక్క కష్టమేమీ కాదు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చేదాని మొత్తంతో భాగిస్తే శబ్దం చావడానికి పట్టే సెకన్లు వస్తాయి. 5 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తున్న గది 60 ఘనమీటర్లు. రాతి నేల, ఉత్త గోడలు, కొద్దిగా సామాను ఉండి పీల్చేది 10 చదరపు మీటర్లకి సమానమనుకుంటే 0.97 సెకను. మాటలో ఒక అక్షరం పలకడానికి పట్టేది 0.2 సెకను. అంటే ముందు పలికిన అచ్చు మోత చావకముందే తర్వాతి నాలుగైదు అక్షరాలు దాని మీద పడుతున్నాయి. మందపాటి తెరలు, తివాచీ వేసి పీల్చేదాన్ని 18కి తెస్తే 0.54 సెకను. మాటకి 0.5 అటూఇటూ ఉంటే హాయి.

తెర గోడ వెడల్పుకి రెండింతల గుడ్డతో, కుచ్చులతో, గోడకి 10 సెంటీమీటర్ల ఎడంగా వేలాడాలి. బిగించి కట్టిన పలచని తెర పెద్దగా చేసేదేమీ ఉండదు. తివాచీ టీవీకీ సోఫాకీ మధ్య నేల మీద ఉండాలి, ఎందుకంటే మొదటి ప్రతిఫలనం అక్కడి నుంచే వస్తుంది. గుడ్ల అట్టలు గోడకి అతికించే సలహా వినకండి. వాటివల్ల మాటకి కలిగే మేలు లేదు, నిప్పు ప్రమాదం అదనం.

చప్పుడు సంగతి కూడా పాళ్ళ లెక్కే. తరగతి గదుల ప్రమాణాల్లో మాట వెనక చప్పుడు కన్నా 15 డెసిబెల్స్ పైనుండాలని చూస్తారు. ఇంటికీ అదే కొలత పెట్టుకోవచ్చు. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని మీరు కూర్చునే చోట టీవీ ఆపి కొలవండి. ఫ్యాన్ తిరుగుతుంటే 48, ఒక పాయింటు తగ్గిస్తే 43 అని చూపిస్తే, మాటకి 5 డెసిబెల్స్ ఉచితంగా వచ్చినట్టు.

కొనాలంటే ఏది కొనాలి

సౌండ్‌బార్ పెట్టె మీద రాసే మొదటి అంకె ముఖ్యం. 2.1 అంటే ఎడమ, కుడి, ఒక సబ్‌వూఫర్. మధ్య స్పీకర్ లేదు. 3.1లో ఉంటుంది. మాట కోసమే కొంటుంటే 3.1 కన్నా తక్కువ తీసుకోకండి, రిమోట్‌లో మధ్య దారిని విడిగా పెంచే బటనుందో లేదో కొనేముందే అడగండి. ఆ బటను లేని ఖరీదైన బార్ కన్నా ఉన్న మామూలు బార్ మేలు. పెట్టాక మధ్యదాన్ని 3 డెసిబెల్స్ ఎత్తి, సబ్‌వూఫర్‌ని 3 నుంచి 6 దించండి. మరీ చిన్న బార్లలో సబ్‌వూఫర్ 150, 200 హెర్ట్జ్ దాకా మోస్తుంది. మగగొంతు అడుగుభాగం అక్కడే ఉంటుంది, గదిమూల పెట్టిన పెట్టెలోంచి గొంతు మోగుతుంది. అలాంటప్పుడు సబ్‌వూఫర్‌ని మూల నుంచి జరిపి టీవీ దగ్గరికి తేవాలి.

కలపడానికి హెచ్‌డీఎంఐ ఆర్క్ లేదా ఈ-ఆర్క్ అని రాసున్న సాకెట్టే వాడండి. మామూలు హెచ్‌డీఎంఐ సాకెట్‌లో పెడితే శబ్దం రాదు. ఆప్టికల్ తీగలో స్టీరియో గానీ కుదించిన 5.1 గానీ పోతుంది, కుదించని 5.1 పోదు. టీవీ ఆడియో ఫార్మాట్ పీసీఎం అని ఉంటే చాలాసార్లు బార్‌కి చేరేది రెండు దారులే, మధ్య స్పీకర్ కొన్న లాభం పోతుంది. ఇక్కడ ఆటో లేదా బిట్‌స్ట్రీమ్ పెట్టాలి. రెండు స్పీకర్ల ఇంటికి చెప్పిన దానికి ఇది పూర్తిగా తిరగబడినది, కాబట్టి మీ ఇంట్లో ఉన్నదేదో చూసుకుని మార్చండి.

విడి మధ్య స్పీకర్ ఉన్నవాళ్ళు దాన్ని టీవీ బల్ల అరలో లోపలికి తోసెయ్యకండి. అర అంచుకి సమంగా ముందుకి లాగి, ముందు వైపు కింద రబ్బరు ముక్కలు పెట్టి కూర్చున్నవాళ్ళ చెవుల వైపు ఎత్తండి. 

పెదవుల సంగతి చాలామంది పట్టించుకోరు. చప్పుడులో పెదవులు చూస్తూ వింటే మాట ఎంతో ఎక్కువ తెలుస్తుందని 1954లోనే సంబీ, పొలాక్ కొలిచి చూపించారు. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ ఇంకో అడుగు వేసి, 'బ' శబ్దానికి 'గ' పలికే పెదవులు చూపిస్తే చాలామందికి 'ద' వినపడుతుందని చూపారు. శబ్దం బొమ్మ కన్నా 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 వెనకొచ్చినా మనిషి పసిగడతాడని అంతర్జాతీయ ప్రసార ప్రమాణం చెప్తుంది. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం తరచూ దీన్ని దాటుతుంది. అందుకే స్పీకర్‌ని వైరుతో కలపండి, తప్పకపోతే టీవీ మెనూలో శబ్దాన్నీ బొమ్మనీ కలిపే ఏవీ సింక్ ఉంటే సర్దండి.

చెవులు అలిసినవాళ్ళకి

వయసుతో ముందు పోయేది ఎత్తు హెర్ట్జ్ వినికిడి, అంటే హల్లులే. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు మెత్తని శబ్దం వినపడదు, కానీ గట్టి శబ్దం మామూలువాళ్ళకి ఎంత గట్టిగా ఉంటుందో అంతే గట్టిగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య చోటు ఇరుకైపోతుంది. "వినపడటం లేదు, పెంచు" అన్న పెద్దాయనే పెంచగానే "అరవకు" అనడంలో మొండితనమేమీ లేదు, ఆ చెవి పనితీరే అది. ఇలాంటివాళ్ళకి నైట్ మోడ్, 3000 ఎత్తడం రెండూ కలిపి బాగా పనిచేస్తాయి. వినికిడి యంత్రం ఉంటే టీవీ నుంచి నేరుగా అందులోకి పంపే స్ట్రీమర్ ఆ కంపెనీదే దొరుకుతుంది. గది ప్రతిధ్వని, ఫ్యాన్ చప్పుడు రెండూ ఒక్కసారిగా దారిలోంచి తప్పుకుంటాయి. టీవీ స్పీకర్, హెడ్‌ఫోన్స్ రెండూ ఒకేసారి మోగే ఆప్షన్ మెనూలో ఉంటే మిగతావాళ్ళకి ఇబ్బంది ఉండదు.

సబ్‌టైటిల్స్ పెట్టుకోవచ్చు కదా అంటారు. వినపడని మనిషికి అవి ప్రాణం, వాటిని తక్కువ చెయ్యను. కానీ చదువుతున్నంతసేపూ కళ్ళు మొహం మీద ఉండవు. చూపు మసకబారిన మనిషికీ, ఇంకా చదవడం రాని పిల్లలకీ అవి అక్కరకి రావు.

అసలు మీట మన చేతిలో ఎందుకు లేదు

ఇంత దూరం చెప్పినదంతా కలిపేసిన శబ్దాన్ని మళ్ళీ విడదీసే ప్రయత్నమే. కలపకముందు అది విడిగానే ఉంది. ఏ సినిమానైనా వేరే భాషలోకి డబ్బింగ్ చెయ్యాలంటే డైలాగ్ లేని, సంగీతం, చప్పుళ్ళు మాత్రమే ఉన్న ట్రాక్ ఇవ్వాలి. దాన్నే ఎం అండ్ ఈ (మ్యూజిక్ అండ్ ఎఫెక్ట్స్) అంటారు. డైలాగ్ ఒక చోట, మిగతాది ఒక చోట ఉంటే తప్ప డబ్బింగ్ పరిశ్రమే లేదు. స్టూడియో అల్మరాలో విడివిడిగా ఉన్నదాన్ని ఇంటికి పంపేటప్పుడు ముద్ద చేసి పంపుతున్నారు.

విడిగా పంపడం కుదురుతుందని చూపించి చాలా ఏళ్ళయింది. 2011 వింబుల్డన్‌కి బీబీసీ, జర్మనీ పరిశోధన సంస్థ ఫ్రాన్‌హోఫర్ కలిసి రేడియో శ్రోతలకి వ్యాఖ్యానం ఒక పక్క, జనం చప్పుడు ఒక పక్క పెట్టి మధ్యలో మీట ఇచ్చాయి. 2019లో బీబీసీ తన ఆసుపత్రి సీరియల్ 'క్యాజువాల్టీ' ఎపిసోడ్ ఒకదానికి అలాంటి మీటే పెట్టింది. ఒక చివర పూర్తి మిక్స్, ఇంకో చివర మాట, కథకి కావలసిన చప్పుళ్ళు మాత్రం. దక్షిణ కొరియా అల్ట్రా హెచ్‌డీ ప్రసారాలు 2017 నుంచి వాడుతున్న ఎంపెగ్-హెచ్ అనే శబ్ద పద్ధతిలో డైలాగ్‌ని విడి వస్తువుగా పంపి చూసేవాళ్ళే ఎత్తుకునే ఏర్పాటుంది. అలాంటిదే ఇంకో పద్ధతి డాల్బీ ఏసీ-4లోనూ ఉంది. జర్మనీ ప్రసార సంస్థలు 'స్పష్టమైన మాట' అనే పేరుతో సంగీతం తగ్గించిన ట్రాక్‌ని విడిగా ఇస్తున్నాయి.

సౌండ్ మిక్సింగ్ కళ, దాన్ని చూసేవాళ్ళు చెడగొట్టకూడదనే అభ్యంతరం తరచూ వినపడుతుంది. మిక్స్‌ని గౌరవించే మాట నిజమైతే బొమ్మకి వెలుతురు, రంగు సర్దుకునే మీటలు టీవీల్లో ఎప్పటినుంచో ఎందుకున్నాయి? పూర్తి మిక్స్ కావలసినవాళ్ళకి మీట ఆ చివరే ఉంటుంది. ఆ మీట వచ్చేదాకా మెనూలో సౌండ్ మోడ్ స్టాండర్డ్, వర్చువల్ సరౌండ్ ఆఫ్, 100 హెర్ట్జ్ నాలుగు మెట్లు కిందికి. ఈ రాత్రికి అక్కడితో మొదలుపెట్టండి.